ఆఖరివాడు వచ్చాకే అయిదు నిమిషాలు

ఆదివారం తెల్లవారుజామున అయిదు గంటలకు అమీర్‌పేటను చూసినవాళ్లు తక్కువ. మిగతా రోజుల్లో అందరికీ తెలిసిన అమీర్‌పేట వేరు. మైత్రీవనం ముందు కరపత్రాలు పంచే కుర్రాళ్లు, కంప్యూటర్ కోర్సుల బోర్డులు, జిరాక్సు సెంటర్లు, ఇడ్లీబండి చుట్టూ మూగిన హాస్టలు పిల్లలు... సైకిలు సంగతి దేవుడెరుగు, మనిషి నడవడానికే సందు వెతుక్కోవాలి. ఆదివారం తెల్లవారుజామున మాత్రం ఆ రోడ్డే మెట్రో స్తంభాల కింద కాళ్లు బారజాపుకుని పడుకున్నట్టుంటుంది.

సరిగ్గా అప్పుడే ఏదో హాస్టల్ మూడో అంతస్తు నుంచి ఒక కుర్రాడు సైకిల్ని భుజానేసుకుని చప్పుడు కాకుండా మెట్లు దిగుతాడు. పక్క సందులోంచి ఇంకొకడు. ఎస్సార్‌నగర్ వైపు నుంచి బ్యాంకు ఉద్యోగి. రాత్రి డ్యూటీ ముగించుకుని, నిద్ర వాయిదా వేసుకుని వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. పంజాగుట్ట చౌరస్తా చేరేసరికి వాళ్లు ఏడుగురో ఎనిమిదిమందో అవుతారు. వెనక ఎర్రలైట్లు మిణుకుమిణుకుమంటుంటాయి. రాత్రి వాన పడింది. ఇంకెవరైనా అయితే 'ఇవాళ వద్దులే' అని దుప్పటి కప్పుకుంటారు. వీళ్లు మాత్రం ఆ వాన కోసమే వారం రోజులుగా ఆకాశంకేసి చూస్తున్నారు. ఎందుకంటే వాళ్లకు కావాల్సింది రోడ్డు కాదు... బురద!

'చెప్పులకు బురద అంటించుకొచ్చావంటే ఇంట్లోకి రానివ్వను' అని అమ్మ చేత తిట్లు తిన్న పిల్లలే, పెద్దయ్యాక బురద వెతుక్కుంటూ 20 కిలోమీటర్లు పోతున్నారన్నమాట.

గుట్ట పేరులోనే ఉంది

నిజానికి హైదరాబాద్‌లో కొండదారి సైకిలు కోసం ఎక్కడికో పోనక్కర్లేదనిపిస్తుంది. పంజాగుట్ట పేరులోనే గుట్ట ఉంది. ఈ ఊరు కూర్చున్నదే సుమారు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటు రాయిమీద. కాకపోతే ఊరి నడుమ గుట్టలు పేర్లలో మిగిలి, నేలమీద అపార్ట్‌మెంట్లయ్యాయి. కాబట్టి మట్టి దారి కావాలంటే పడమటికి పోవాలి. పంజాగుట్ట నుంచి మాసాబ్‌ట్యాంక్, మెహిదీపట్నం, లంగర్‌హౌస్ మీదుగా గండిపేట వైపు... అక్కడి నుంచి చిలుకూరు, చేవెళ్ల దిక్కు. ఇంకా ఓపికుంటే, మూసీ పుట్టిన అనంతగిరి కొండలు వికారాబాద్ పక్కనే. అది మాత్రం నగరం నుంచి సుమారు 80 కిలోమీటర్లు. సైకిళ్లను ఏ జీపు వెనకో కట్టుకుపోవాల్సిందే.

గండిపేట చుట్టూ ఇంకా పొలాలు, బండ్లబాటలు ఎందుకు మిగిలాయో తెలుసా? దాని వెనక పెద్ద కథే ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. మళ్లీ అలా జరగకూడదని గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్, ఆ తర్వాత హిమాయత్‌సాగర్ కట్టారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఆ జలాశయాల్లోకి నీళ్లు శుభ్రంగా రావాలంటే చుట్టుపక్కల భారీ కట్టడాలు ఉండకూడదని 1996లో ప్రభుత్వం 111వ నంబరు జీవో ఇచ్చింది. 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో ఆంక్షలు పెట్టింది. తాగునీటి కోసం గీసిన ఆ గీత, అనుకోకుండా సైకిలువాళ్లకు మట్టిదారుల్ని మిగిల్చింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షల్ని ఎత్తేస్తూ 69వ నంబరు జీవో వచ్చింది. కిందటేడు జొన్నచేను పక్కన పోయిన బాట, ఈ ఏడు ప్రహరీగోడకు తగిలి ఆగిపోవడం ఈ మిత్రబృందాలకు కొత్తేం కాదు. 'మొన్నటిదాకా ఇక్కడ దారుండేది కదరా' అని తల గోక్కుని వెనక్కి తిప్పుకోవడం కూడా ఆటలో భాగమైపోయింది.

నున్నటి దారి కావాలనుకునేవాళ్లకు ఔటర్ రింగురోడ్డు వెంట 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. పైన సౌరఫలకాల నీడ. 2023 అక్టోబరు 1న మొదలైంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు బంగారంలాంటి చోటు. కానీ బురదరుచి మరిగినవాడికి అక్కడ తోచదు. ఆవకాయ అలవాటైనవాడికి పెరుగన్నం ఒక్కటే పెట్టినట్టుంటుంది!

గ్రీజు ఆవిరయ్యే పందెం

ఇంతకీ ఈ పిచ్చి ఎక్కడ పుట్టింది? అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన టమల్‌పాయస్ అనే కొండ ఉంది. 1970లలో అక్కడి కుర్రాళ్లు కొందరు, 1930లు, 40ల నాటి లావుటైర్ల పాత సైకిళ్లను చవగ్గా కొనుక్కుని, కొండమీది మట్టిదారుల్లో కిందికి దూకించేవారు. వాటికి బ్రేకు వెనకచక్రం ఇరుసులోనే ఉండేది. కొండ దిగేసరికి ఆ బ్రేకు కాలిపోయి లోపలి గ్రీజు పొగైపోయేది. ప్రతిసారీ విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అలా మళ్లీ కూరడాన్ని ఇంగ్లిషులో 'రీప్యాక్' అంటారు కాబట్టి ఆ ప్రాంతంలోని ఒక దారికీ, అక్కడి పందేనికీ అదే పేరు స్థిరపడింది. తొలి రీప్యాక్ పందెం 1976 అక్టోబరు 21న జరిగింది.

ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో ఈ పనికోసమే ప్రత్యేకంగా చట్రం చేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో దుకాణం తెరిచారు. 1981లో ఫ్యాక్టరీల్లో తయారైన కొండసైకిళ్లు బజారుకొచ్చాయి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అది పతకాల క్రీడైపోయింది. సరిగ్గా ఇరవై ఏళ్లలో పాతసామాను కొట్టునుంచి ఒలింపిక్స్ దాకా!

మన ఊళ్లకూ దాని గాలి సోకింది. అప్పటిదాకా అద్దెసైకిలు తెచ్చుకుని కాంచీ తొక్కిన పిల్లలు, 1990లలో లావుటైరు, అడ్డంగా నిటారుగా ఉండే హ్యాండిలు ఉన్న రేంజర్ సైకిలు కావాలని ఇంట్లో అలకపాన్పు ఎక్కారు. పదో తరగతి ఫస్టుక్లాసుకు బహుమతిగా వచ్చిన ఆ సైకిళ్లు తర్వాత మేడమీద తుప్పు పట్టాయి. 2000ల చివర్లో నగరంలో హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్, గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ లాంటివి వచ్చాక పెద్దవాళ్లు మళ్లీ సైకిలెక్కారు. తెలియనివాళ్లు కలిసి తొక్కడం, కలిసి తొక్కినవాళ్లు స్నేహితులవడం మొదలైంది. ఆ స్నేహితులు నలుగురైదుగురు విడిగా వాట్సప్ గుంపు పెట్టుకుని 'ఆదివారం గండిపేట' అనుకోవడం ఇప్పటి ముచ్చట.

ఎర్రది మంచిది, నల్లది మాయదారిది

బురదంతా ఒకటే అనుకుంటాం గానీ, సైకిలుకు రెండు రకాలుంటాయి. ఒకటి చల్కా. గ్రానైటు అరిగి ఏర్పడిన ఎర్రటి ఇసుకనేల. వాన వెలిసిన కాసేపటికే నీళ్లు కిందికి ఇంకిపోతాయి. టైరు కాస్త దిగినా పట్టు దొరుకుతుంది. బట్టలు కుంకుమనీళ్లలో ముంచినట్టవుతాయి, అంతే.

రెండోది నల్లరేగడి. చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు ఎక్కువ. ఈ నేలలోని బంకమట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి టైరుకు గారెపిండిలా అంటుకుంటుంది. రెండో చుట్టుకు చట్రానికీ టైరుకూ మధ్య ఉన్న సందంతా నిండిపోతుంది. మూడో చుట్టు ఉండదు! సైకిలు అక్కడే నిలబడిపోతుంది. అప్పుడు బలవంతాన పెడల్ తొక్కారా, వెనక గేర్లు మార్చే డీరైలర్‌ను చట్రానికి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క పుటుక్కున విరుగుతుంది. దాంతో ఆ రోజు సైకిలు మిమ్మల్ని మోయదు, మీరే దాన్ని మోయాలి. తెలిసినవాళ్లు ముందే దిగి, దారిపక్కన పుల్ల విరుచుకుని మట్టి గీకి, రేగడి దాటేదాకా సైకిలును భుజానికెత్తుకుంటారు.

ఈ సంగతి ఏ వీడియో కన్నా ఊరి పెద్దమనిషే బాగా చెబుతాడు. "ఏడికి పోతున్రు బిడ్డా? ఆ దిక్కు పోకుండ్రి. రేగడి ఉన్నది, సైకిల్ గుంజుకోలేరు" అంటాడు. వినకుండా పోయి, అరగంట తర్వాత నల్లటి విగ్రహాల్లా తిరిగొచ్చినవాళ్లను చూసి ముసిముసిగా నవ్వుతాడు. ఇంకో విచిత్రం... వీళ్లు గేర్లతో కుస్తీ పడుతుండగానే, అటూ ఇటూ పాలక్యాన్లు కట్టుకున్న పాత సైకిలు మీద ఒక రైతు గట్టు అంచునే పోనిచ్చి వీళ్లను దాటేస్తాడు. గేరు లేదు, డిస్క్‌బ్రేకు లేదు. ఏ జానెడు నేల గట్టిదో ముప్ఫై ఏళ్లుగా తెలిసిన కాలు ఉంది.

మిగతా మెలకువలు నేర్చుకుంటే వచ్చేవే. బురదలో దిగకముందే గేరు తగ్గించుకోవాలి. దిగాక మారిస్తే గొలుసు తెగొచ్చు. బ్రేకు కూడా ముందే. బురదలో ముందుబ్రేకు నొక్కితే హ్యాండిలు మన మాట వినదు. బరువు కాస్త వెనక్కి, వెనకచక్రం మీద ఉండాలి. టైరులో గాలి మరీ రాయిలా ఉండకూడదు. కాస్త తగ్గిస్తే నేలను పట్టుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం చూపు. గుంతను చూస్తే గుంతలోకే పోతాం. దారిని చూస్తే దారిలో పోతాం.

ఎవరికి విశ్రాంతి?

ఇవన్నీ ఒక ఎత్తు. అసలైన విద్య మరొకటుంది. అది కాళ్లది కాదు, గుంపుది.

ఏ గుంపు చూసినా ఒకటే దృశ్యం. గట్టివాళ్లు ముగ్గురు ముందు దూసుకుపోతారు. దారి చీలే చోట మర్రిచెట్టు కింద ఆగుతారు. నీళ్లు తాగుతారు, ఫొటోలు దిగుతారు, జోకులేసుకుంటారు. తర్వాతివాళ్లు ఒక్కొక్కరే చేరతారు. పది నిమిషాలకు ఆఖరివాడు వస్తాడు. బహుశా అతనికిది మొదటిసారి. లేదా అతనిది గేర్లు లేని సైకిలు. లేదా రాత్రంతా డ్యూటీలో ఉన్నాడు. రొప్పుతూ ఒక కాలు నేలమీద పెడతాడో లేదో... 'ఆ! వచ్చేశాడ్రా మామా, పదండి పదండి!' అని అందరూ బయల్దేరతారు.

లెక్క చూడండి. ఓపిక ఎక్కువ ఉన్నవాళ్లకు పది నిమిషాల విశ్రాంతి. మధ్యవాళ్లకు అయిదు. ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో అతనికి సున్నా! పెళ్లిలో ఆఖరిబంతిలో కూర్చున్నవాడికి పప్పు వడ్డించగానే విస్తరి ఎత్తేసినట్టు. ముందువాళ్లలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. 'అతనికోసమే కదా ఆగాం' అని నిజంగానే అనుకుంటారు. కానీ ఇలా మూడుచోట్ల జరిగేసరికి ఆఖరివాడి పని అయిపోతుంది. అలసిన చూపు దారిని వదిలి ముందుచక్రం మీదికి వాలుతుంది. వేళ్లు బ్రేకు మీద నిలవవు. అప్పుడే పడతాడు. బురద మెత్తనిదే గానీ దాని కింద ఈ ఊరి గ్రానైటు రాళ్లుంటాయి. చేయి ఆనిస్తే మణికట్టు, భుజం ఆనిస్తే కాలర్‌బోను. అన్నిటికన్నా భయపెట్టే సంగతి ఇంకొకటి. పడిందెవరు? ఆఖరివాడు. అతను పడటం చూడటానికి వెనక ఎవరూ లేరు!

అందుకే బాగా నడిచే బృందాలు కొన్ని నియమాలు పెట్టుకుంటాయి. వాటికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. మొదటిది... విశ్రాంతి గడియారం ఆఖరివాడు వచ్చాకే మొదలవుతుంది. అతను కాలు కింద పెట్టిన దగ్గర్నుంచి అయిదు నిమిషాలు. ముందొచ్చినవాళ్లకు ఒళ్లు చల్లారిపోయినా సరే.

రెండోది... వెనక ఒక కాపు. గుంపులో అందరికన్నా గట్టివాడే అందరికన్నా వెనక ఉండాలి. గాలిపంపు, అదనపు ట్యూబు, దూది, కట్టు అతని సంచిలోనే. చాలామంది గట్టివాళ్లకు ఇది మొదట్లో రుచించదు. 'ఇంత కష్టపడి ఓపిక పెంచుకుంది వెనక నడవడానికా?' అనిపిస్తుంది. నాలుగైదు ఆదివారాలు గడిచాక, ఎవరైనా చీకటి పడేవేళ కాలు పట్టేసి కూలబడినప్పుడు పక్కన నిలబడి 'ఏం ఫర్లేదు, టైముంది' అన్నాక, ఆ స్థానం విలువ తెలుస్తుంది.

మూడోది... దారి చీలిన ప్రతిచోటా ముందువాడు ఆగి, వెనక వచ్చేవాడి మొహం కనబడ్డాకే కదలాలి. అతనూ తన వెనకవాడికోసం అలాగే ఆగాలి. గొలుసులో ఒక్క లంకె కూడా తెగకూడదు.

నాలుగోది అన్నిటికన్నా కష్టమైంది. వెనక్కి తిరగాలా వద్దా అన్నది గట్టివాడు నిర్ణయించకూడదు. వాగు పారుతోంది అనుకోండి. ముందున్నవాడికి అది మోకాలిలోతు సరదా. ఆఖరివాడికి, అలసినవాడికి, ఈతరానివాడికి అది ప్రాణం సంగతి. పారే నీటి బలం పైకి కనపడదు. లోలెవెల్ వంతెనల మీద వానాకాలంలో మనుషులు కొట్టుకుపోయిన వార్తలు చదువుతూనే ఉంటాం. 'నేను దాటలేను' అని ఒక్కరన్నా అందరూ తిరగాల్సిందే. ఉరుములు మొదలైనా అంతే. చెట్టు కిందికి పరుగెత్తకుండా, గట్టి కట్టడం ఏదైనా ఉంటే అందులో చేరాలి.

చిక్కేంటంటే, ఆఖరివాడు తనంతట తాను చెప్పడు. సిగ్గు. తనవల్ల అందరి ఆదివారం పాడవుతోందని లోలోపల నలిగిపోతుంటాడు. 'మీరు పోతూ ఉండండి, నేను మెల్లగా వస్తా' అంటాడు. అనుభవమున్నవాళ్లు ఆ మాట వింటే ఉలిక్కిపడతారు. అది మర్యాద కాదు, ఇక తన వల్ల కాదని చెప్పడం. ఆ మాట వినగానే ఒకరు అతని పక్కన చేరాలి. ఆ తర్వాత అతన్ని ముందువాడి వెంటే రెండో స్థానంలో పెట్టాలి. చిత్రమేమిటంటే, చివర్లో ఈడ్చుకొచ్చిన మనిషే ముందు పెడితే హుషారుగా తొక్కుతాడు. గుంపు తనకోసం ఆగడం వేరు, తన వేగంతో నడవడం వేరు.

బాట మనది కాదు

ఇంకొకరు కూడా ఈ గుంపులో ఉన్నారు. వాళ్లు సైకిలెక్కరు. ఆ బాట పక్కన పొలం ఉన్నవాళ్లు. బురద తప్పించుకోవడానికి ఒకరు గట్టు పక్కనుంచి పోతే, రెండోవారు ఇంకాస్త పక్కకు జరుగుతారు. ఎనిమిది సైకిళ్లు పోయేసరికి బాట కాస్తా మొక్కల్లోకి పాకుతుంది. మెత్తటి నేలమీద టైరు గీసిన గాడి మర్నాటి వానకు చిన్న కాలువవుతుంది. ఆ కాలువ బాటనే కోసేస్తుంది. ఎడ్లబండి పోవాల్సిన చోట గొయ్యి మిగులుతుంది.

అందుకే నియమం తెలిసినవాళ్లు బురద పక్కనుంచి కాదు, నడిమధ్యనుంచే పోతారు. లేదా సైకిలు ఎత్తుకుంటారు. కుండపోత కురిసిన మర్నాడు ఆ బాట జోలికే పోరు, ఒకరోజు ఆరనిస్తారు. వానకోసం ఎదురుచూసినవాడు వాన వెలిశాక ఇంకొక రోజు ఆగడం... అదీ ఓ విద్యే. గేటు తీస్తే వేయడం, గొర్రెలమంద ఎదురైతే దిగి నిలబడటం, చిప్స్ ప్యాకెట్లు జేబులోనే తిరిగి తెచ్చుకోవడం, అనుమతి లేకుండా రక్షిత అడవిలో చక్రం పెట్టకపోవడం కూడా అందులో భాగమే. దారి మూసేసే హక్కు ఆ రైతుకుంది. తెరిచి ఉంచేది అతని మంచితనం.

ఇంటివాళ్లు అడగాల్సినవి

'అంత పొద్దున్నే... అదీ బురదలో... ఏమైనా అయితే?' అని ఇంట్లో అమ్మానాన్న కంగారుపడటం సహజం. ఆడపిల్ల అయితే ఆ కంగారు రెట్టింపు. నిజం చెప్పాలంటే బురదకన్నా ఆలోచించాల్సింది, అక్కడిదాకా పోయే రోడ్డు గురించి. ఖాళీరోడ్డు కదా అని తెల్లవారుజామున కార్లు, లారీలు వేగంగా పోతుంటాయి. ముందూ వెనకా లైట్లు, మెరిసే పట్టీ ఉన్న చొక్కా, నెత్తిన హెల్మెట్ లేకుండా గుమ్మం దాటనివ్వకండి. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పనికిరాదు, మార్చాల్సిందే.

వద్దనడం తేలిక. దానికన్నా మూడు ప్రశ్నలు అడగడం మేలు. ఏ దారిన పోతున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు? వెనక ఉండేదెవరు, ఆయన నంబరేది? మధ్యలో ఆగిపోదామంటే ఎవరూ ఎగతాళి చేయరు కదా? మూడో ప్రశ్నకు జవాబు చెప్పడానికి పిల్లలు తడుముకుంటే ఆ గుంపు గురించి కాస్త ఆలోచించాలి. మొదటి రెంటికీ జవాబుంటే నిశ్చింతగా పంపొచ్చు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు ఇప్పుడు పల్లెదారుల్లోకీ వస్తుంది. కాకపోతే ఏ ఊరి దగ్గరున్నామో చెప్పగలగాలి. కాబట్టి దాటిన ఊరి పేరల్లా గుర్తుపెట్టుకోవడం మంచిది.

తిరిగొచ్చాక గాయమేదైనా ఉంటే ముందు సబ్బుతో, ధారగా పోసిన నీళ్లతో కడగాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని చాలాకాలమైతే డాక్టరును కలవాలి. బురదనీళ్లలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావొచ్చు. వారం, రెండు వారాల్లో జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పులు వస్తే డాక్టరుకు 'బురదలో తిరిగాను' అని తప్పకుండా చెప్పాలి. ఆ ఒక్కమాట రోగాన్ని సగం పట్టిస్తుంది.

ఇక సైకిలు. కార్లు కడిగే పైపుతో ఒత్తిడిగా నీళ్లు కొడితే ఇరుసుల్లోకి నీరు చేరి గ్రీజు పోతుంది. బకెట్టు నీళ్లు, పాత టూత్‌బ్రష్షు, పాత బనియను ముక్క చాలు. గొలుసు ఆరబెట్టి, చుక్క చుక్కగా నూనె వేసి, పైన మిగిలింది తుడిచేయాలి. హాస్టలు బాత్రూములో కడిగి జాలీ మూసుకుపోయేలా చేస్తే మాత్రం వార్డెను చేతిలో జరిగేదానికి ఏ హెల్మెట్టూ అడ్డుపడదు!

పరమానందయ్య శిష్యుల లెక్క

ఉదయం పదిన్నర. ఎండ ఎక్కింది. పంజాగుట్ట చౌరస్తాలో మళ్లీ రద్దీ మొదలైంది. ఇరానీ చాయ్ కప్పుల చుట్టూ ఎనిమిది ఎర్రమట్టి మనుషులు. పక్క బల్లమీద పేపరు చదువుతున్న పెద్దాయన పేపరు దించి, ఎగాదిగా చూసి, మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

మన పరమానందయ్య శిష్యుల కథ అందరికీ తెలిసిందే. ఏరు దాటాక అందరూ దాటారో లేదోనని లెక్కపెట్టుకున్నారు. లెక్కపెట్టినవాడల్లా తనను తాను వదిలేసి, ఒకడు తగ్గాడని, ఏరు మింగేసిందని లబోదిబోమన్నారు. వాళ్ల తెలివికి తరతరాలుగా నవ్వుకుంటున్నాం. కానీ అంత తెలివితక్కువవాళ్లు కూడా ఒక్కపని మాత్రం సరిగ్గా చేశారు. ఏరు దాటగానే ఆగారు. అందరూ ఉన్నారా అని చూసుకున్నారు. ఒకడు తగ్గాడనుకోగానే ముందుకు అడుగేయలేదు, కూర్చుని ఏడ్చారు.

తెలివైనవాళ్లకే ఆ అలవాటు తక్కువ. కోర్సులో, ఉద్యోగంలో, జీతంలో ముందున్నవాడు ఎంత దూరం పోయాడన్నదే లెక్క. అమీర్‌పేట బోర్డులన్నీ చెప్పేది అదే. అక్కడి నుంచే బయల్దేరిన కుర్రాళ్లు వారానికొక్క పూట, 20 కిలోమీటర్ల అవతల, మోకాలిలోతు మట్టిలో ఆగి వెనక్కి తిరిగి చూడటం నేర్చుకుంటున్నారు.

చాయ్ తాగేసి డబ్బులిస్తూ వెనక కాపు కాసినవాడు వేలితో లెక్కపెట్టాడు. 'ఎనిమిది' అన్నాడు. ఈ పొద్దు అందరికన్నా ఆఖరున వచ్చిన కొత్త కుర్రాడు కప్పు కింద పెట్టి మెల్లగా అడిగాడు.

"అన్నా... వచ్చే ఆదివారం ఎన్ని గంటలకు?"